అండర్‌-17 అమ్మాయిల ప్రపంచ కప్: మీ ప్రశ్నలు, నా జవాబులు

పోయిన నెల సంచికలో, 2022లో మన దేశంలో జరిగిన ఫిఫా (ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ) అండర్‌-17 మహిళల ప్రపంచ కప్ మీద రెండు పేజీలు రాశాను. దానికి ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. సగం మంది మన జట్టును తిట్టారు, పావు వంతు నన్ను తిట్టారు, మిగిలినవాళ్లు "మా పాపను ఎక్కడ చేర్పించాలి" అని అడిగారు. ఒకే రకం ప్రశ్నలను కలిపేశాను, పేర్లు తీసేసి ఊళ్లు మాత్రం ఉంచాను.

కాకినాడ నుంచి ఒక డిగ్రీ విద్యార్థి: అక్కా, సూటిగా అడుగుతున్నా, ఏమీ అనుకోకండి. మూడు మ్యాచ్‌లు ఆడి 16 గోల్స్ ఇచ్చుకున్నాం, ఒక్కటి కూడా కొట్టలేదు. సొంతగడ్డ మీద పరువు తీసుకోవడానికా ఆ టోర్నీ తెచ్చుకున్నది? ఆ డబ్బేదో ఊళ్లలో గ్రౌండ్‌లకు పెడితే పోయేది కదా.

నేనూ సూటిగానే చెబుతా తమ్ముడూ. నీ లెక్కలో తప్పేం లేదు. 2022 అక్టోబర్ 11న భువనేశ్వర్ కళింగ స్టేడియంలో అమెరికా చేతిలో 8-0, 14న మొరాకో చేతిలో 3-0, 17న బ్రెజిల్ చేతిలో 5-0. ఆతిథ్య దేశం కాబట్టి మనకు నేరుగా చోటు దొరికింది గానీ అర్హత పోటీలు గెలిచి వెళ్లలేదు. ఇందులో దాచాల్సిందేమీ లేదు.

కానీ మూడు మ్యాచ్‌లనూ ఒకే గాటన కట్టకు. అమెరికాతో విరామానికే ఐదు గోల్స్ పడ్డాయి, అది మ్యాచే కాదు, ఒప్పుకుంటా. (ఎనిమిదో గోల్ కొట్టిన మియా భూతా భారతీయ మూలాలున్న అమ్మాయి. ఆ రాత్రి కామెంటేటర్లకు దొరికిన సరదా అదొక్కటే.) మొరాకోతో మాత్రం విరామం దాకా 0-0. ఆ 45 నిమిషాలు చూసినవాళ్లెవరూ ఈ పిల్లలకు ఆట రాదని అనలేరు. డిఫెన్స్ లైన్ కలిసి కదిలింది, బంతి పోగానే ఇద్దరేసి మీద పడ్డారు. 51వ నిమిషంలో పెనాల్టీ ఇచ్చుకున్నాక కథ మారింది, ఆఖరి గోల్ 90 నిమిషాలు దాటాక ఇంజురీ టైమ్‌లో పడింది. నా ఉద్దేశంలో అక్కడ తేలింది ఆట కాదు, దమ్ము. 90 నిమిషాల పాటు అదే వేగంతో ఆడాలంటే అలాంటి మ్యాచ్‌లు వారం వారం ఆడి ఉండాలి. మనవాళ్లు ఆడలేదు, అంతే.

ఎందుకు ఆడలేదు అన్నదే అసలు ప్రశ్న, అది చాలామందికి తెలియదు. ఈ టోర్నీ ఆతిథ్యం మనకు వచ్చింది 2019లో. జరగాల్సింది 2020 నవంబర్‌లో. కరోనా వచ్చి 2021 ఫిబ్రవరికి జరిపారు, తర్వాత ఆ ఏడాది టోర్నీనే రద్దు చేసి 2022 మీకే ఇస్తున్నాం అన్నారు. పెద్దవాళ్ల టోర్నీ అయితే రెండేళ్లు ఆలస్యమైనా అదే జట్టు ఆడుతుంది. ఇది అండర్‌-17. 2020 టోర్నీ కోసం క్యాంపుల్లో పెట్టి తయారుచేసిన 2003, 2004లో పుట్టిన అమ్మాయిలు, 2022 వచ్చేసరికి వయసు దాటిపోయారు. ఒక బ్యాచ్ మొత్తం ప్రపంచ కప్ జెర్సీ వేసుకోకుండానే ఇంటికెళ్లిపోయింది. వాళ్ల గురించి ఎవరూ రాయరు. 2022లో మళ్లీ కొత్త పిల్లల్ని ఏరి, స్వీడన్ కోచ్ థామస్ డెన్నర్బీ చేతిలో పెట్టి, జంషెడ్‌పూర్‌లో క్యాంపు, ఇటలీ, నార్వే టూర్లు అంటూ హడావిడిగా తిప్పారు. పరీక్ష రేపనగా పుస్తకం తెరిచినట్టు. డెన్నర్బీ తక్కువవాడేం కాదు, 2011 ప్రపంచ కప్‌లో స్వీడన్ సీనియర్ మహిళల జట్టును మూడో స్థానంలో నిలబెట్టినవాడు. ఎంతటి కోచ్ అయినా కొద్ది నెలల్లో పదేళ్ల లోటు పూడ్చలేడు కదా.

ఇంకో సంగతి చెప్పి వదిలేస్తా. ఆ జట్టు కెప్టెన్ అష్టమ్ ఓరావ్‌ది జార్ఖండ్‌లోని గుమ్లా జిల్లాలో ఒక చిన్న ఊరు. ప్రపంచ కప్ దగ్గరపడ్డాక అధికారులకు ఆ ఊరు గుర్తొచ్చి ఆమె ఇంటికి రోడ్డు మొదలుపెట్టారు. ఆ రోడ్డు పనిలో కూలీలుగా చేసింది ఎవరనుకున్నావ్? ఆమె అమ్మానాన్నలే. అప్పట్లో పేపర్లన్నిటిలో వచ్చిన వార్త ఇది. కూతురు దేశానికి కెప్టెన్, అమ్మానాన్నలు ఆ కూతురి కోసం వేస్తున్న రోడ్డు మీద దినకూలీలు. 21 మంది జట్టులో ఆరుగురు జార్ఖండ్ పిల్లలే, మిగతావాళ్లలో మణిపూర్, హరియాణా పిల్లలు ఎక్కువ. ఆ ఇళ్ల నుంచి వచ్చి అమెరికా జట్టు ముందు నిలబడ్డవాళ్లను "పరువు తీశారు" అనడానికి నాకైతే నోరు రాదు.

డబ్బు సంగతిలో మాత్రం నీతో సగం ఏకీభవిస్తా. 2017లో అబ్బాయిల అండర్‌-17 ప్రపంచ కప్ కూడా మన దేశంలోనే జరిగింది, 13 లక్షల 47 వేల మందికి పైగా స్టేడియాలకు వచ్చారు, అప్పటికి ఆ టోర్నీలో అది రికార్డు. ఆ తర్వాత 2025 దాకా మన అబ్బాయిలు మళ్లీ ఒక్క అండర్‌-17 ప్రపంచ కప్‌కు అర్హత సాధించలేదు. టోర్నీ తెచ్చుకుంటే జట్టు దానంతట అదే తయారవదు.

ఖమ్మం నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు: ఆ ఏడాది ఆగస్టులో భారత్‌ను ఫిఫా బహిష్కరించిందని చదివాను. తర్వాత రెండు నెలలకే టోర్నీ ఎలా జరిగింది? అసలు తప్పెవరిది?

మాస్టారూ, మీరన్నది నిజమే, 11 రోజుల గండం అది. మన ఫుట్‌బాల్ సమాఖ్యలో అధ్యక్షుడి పదవీకాలం అయిపోయినా ఎన్నికలు పెట్టలేదు. వ్యవహారం సుప్రీంకోర్టుకు వెళ్లి, 2022 మేలో కోర్టు ఒక పాలకుల కమిటీని వేసింది. ఫిఫా రూల్స్‌లో సమాఖ్యను బయటివాళ్లు నడపకూడదు, కోర్టు అయినా సరే. ఆగస్టు నడిమధ్యలో, మనం స్వాతంత్ర్య దినోత్సవ హడావిడిలో ఉండగా, సస్పెన్షన్ వేశారు. అనుకున్నట్టు మన దేశంలో ప్రపంచ కప్ ప్రస్తుతానికి జరపలేం అన్నారు. కోర్టు ఆగస్టు 22న ఆ కమిటీని రద్దు చేసింది, 26న ఫిఫా సస్పెన్షన్ ఎత్తేసింది, సెప్టెంబర్ 2న ఎన్నికలు పెట్టేశారు. ఏళ్ల తరబడి కదలని ఫైలు రెండు వారాల్లో కదిలింది.

తప్పెవరిదంటే, నన్నడిగితే టైముకు ఎన్నికలు పెట్టనివాళ్లది. దెబ్బ తగిలింది మాత్రం ఆ గొడవతో ఏ సంబంధమూ లేనివాళ్లకు. గోకులం కేరళ మహిళల జట్టు ఆసియా క్లబ్ పోటీల కోసం అప్పటికే తాష్కెంట్ చేరింది. విమానం దిగాక తెలిసింది సస్పెన్షన్ సంగతి. ఒక్క మ్యాచ్ ఆడకుండా తిరిగొచ్చారు. ప్రపంచ కప్ బతికింది గానీ వాళ్ల టోర్నీని తిరిగి ఇచ్చినవాళ్లు లేరు.

కడప జిల్లా నుంచి ఒక పీఈటీ: మేడమ్, అండర్‌-17 అంటే 17 నిండనివాళ్లా, నిండినవాళ్లు కూడానా? వయసు దొంగలెక్కలు పట్టుకోవడానికి అబ్బాయిలకు మణికట్టు స్కాన్ చేస్తారంటారు. అమ్మాయిలకూ చేస్తారా? మా స్కూల్లో సగం మంది పుట్టినతేదీ జూన్‌లోనే ఉంటుంది.

ఆ జూన్ సంగతి చదివి నవ్వొచ్చింది సార్. బడిలో వేసేటప్పుడు మాస్టారు వేసిన తేదీయే మా తరంలో చాలామందికి పుట్టినరోజు.

పుట్టిన సంవత్సరమే లెక్క. 2022 టోర్నీకి 2005 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టి ఉండాలి, 2025 టోర్నీకి 2008 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ. కాబట్టి టోర్నీ నాటికి 17 నిండినవాళ్లూ ఉంటారు. అందుకే జనవరిలో పుట్టిన పిల్లకు, అదే ఏడాది డిసెంబర్‌లో పుట్టిన పిల్లకు మధ్య దాదాపు ఏడాది తేడా ఉన్నా ఇద్దరూ ఒకే జట్టు. మీరు సెలక్షన్‌లో కూర్చున్నప్పుడు ఇది గుర్తుపెట్టుకోండి. పొడుగ్గా, బలంగా ఉన్న పిల్లే బాగా ఆడుతోందని అనిపిస్తుంది, చాలాసార్లు ఆమె పది నెలలు పెద్దది, అంతే.

స్కాన్ సంగతికొస్తే, అబ్బాయిల అండర్‌-17 ప్రపంచ కప్‌కు 2009 నుంచి ఫిఫా మణికట్టు ఎమ్మారై వాడుతోంది. మణికట్టు దగ్గర ఎముక చివరి భాగం పూర్తిగా అతుక్కుపోయి ఉంటే 17 దాటినట్టే అని లెక్క. అమ్మాయిల్లో ఆ ఎముక ఇంకా ముందే అతుక్కుంటుంది. నిజంగా 16 ఏళ్ల పిల్లకు కూడా అతుక్కుపోయి కనిపించొచ్చు. ఆ స్కాన్ పెడితే తప్పు చేయని పిల్ల బయటికి పోతుంది. అందుకే అమ్మాయిల విషయంలో ఆ పరీక్ష నమ్మదగ్గది కాదని వైద్యులే తేల్చారు. కాబట్టి కాగితాలే దిక్కు. పుట్టిన వెంటనే, కనీసం ఏడాది లోపు పంచాయతీలోనో మున్సిపాలిటీలోనో నమోదు చేయించిన సర్టిఫికెట్ ఉంటే పేచీ ఉండదు. పదేళ్లప్పుడు తీసుకున్న సర్టిఫికెట్‌ను ఎవరైనా అనుమానంగానే చూస్తారు. ఆరో తరగతిలో చేరేటప్పుడే పిల్లల ఆధార్, బర్త్ సర్టిఫికెట్, స్కూల్ రికార్డు మూడింటిలో ఒకే తేదీ ఉందో లేదో చూడండి. తేడా ఉంటే అప్పుడే సరిచేయించండి. రాష్ట్ర జట్టుకు సెలెక్ట్ అయ్యాక పరిగెత్తితే పని జరగదు.

హైదరాబాద్, మల్కాజిగిరి నుంచి: తిండికే కష్టమని చెప్పుకునే ఉత్తర కొరియా ఈ కప్ ఎలా గెలుస్తోంది? అందులో మతలబు ఏమైనా ఉందా?

మతలబు ఉందో లేదో గానీ పద్ధతి ఉంది. 2008లో న్యూజిలాండ్‌లో మొదలైన దగ్గర్నుంచి 2025 దాకా తొమ్మిది టోర్నీలు జరిగితే నాలుగు ఉత్తర కొరియావే: 2008, 2016, 2024, 2025. స్పెయిన్‌వి రెండు. దక్షిణ కొరియా, ఫ్రాన్స్, జపాన్ తలా ఒకటి. మహిళల ఫుట్‌బాల్ అంటేనే గుర్తొచ్చే అమెరికా ఒక్కసారి కూడా గెలవలేదు, బ్రెజిల్ కూడా అంతే. 2025 మొరాకో ఫైనల్లో ఉత్తర కొరియా అమ్మాయిలు నెదర్లాండ్స్‌ను 3-0తో కొట్టారు. 2024లో అండర్‌-20 కప్ కూడా వాళ్లదే.

2013లో ప్యాంగ్యాంగ్‌లో ఫుట్‌బాల్ స్కూల్ ఒకటి పెట్టారు. చిన్నప్పుడే ఏరి, హాస్టల్లో పెట్టి, చదువూ ఆటా అక్కడే. మిగతా దేశాల అమ్మాయిలు ఏడాదంతా వేర్వేరు క్లబ్బుల్లో ఆడి జాతీయ జట్టు క్యాంపుకు కొద్ది రోజులొస్తారు. వీళ్లు ఏళ్ల తరబడి కలిసే ఉంటారు. పాస్ ఎక్కడికి వస్తుందో చూడక్కర్లేకుండానే పరుగు మొదలుపెడతారు, మ్యాచ్ చూస్తే మీకే తెలుస్తుంది. 16, 17 ఏళ్ల వయసులో ఆ పొందిక కొండంత బలం. సీనియర్ స్థాయికి వచ్చేసరికి మిగతా దేశాలు అందుకుంటాయి.

సీనియర్ జట్టు మీద మచ్చ లేకపోలేదు. 2011 ప్రపంచ కప్‌లో ఐదుగురు డోపింగ్‌లో దొరికారు. పిల్లల మీద పిడుగు పడితే కస్తూరి మృగం మందు వేశామని అధికారులు చెప్పిన సంజాయిషీ ఫుట్‌బాల్ చరిత్రలో ఇప్పటికీ నంబర్ వన్. 2015 ప్రపంచ కప్ నుంచి వాళ్లను పక్కనపెట్టారు.

పిల్లల్ని ఇంటికి దూరంగా అలా పెట్టి పెంచడం మంచిదా అంటే నాకు నచ్చదు. గెలుస్తున్నారు కాబట్టి మనమూ అదే చేద్దామనే పెద్దమనుషులు మన దగ్గరా ఉన్నారు, వాళ్లంటే నాకు భయం.

నిజామాబాద్ నుంచి ఇద్దరు ఇంటర్ అమ్మాయిలు: అక్కా, 2022 జట్టులో మన తెలుగమ్మాయిలు ఎవరైనా ఉన్నారా?

లేరు చెల్లెమ్మలూ. ఒక్కరూ లేరు. కానీ ఈ ప్రశ్న మీ జిల్లా నుంచి రావడమే విడ్డూరం, ఎందుకంటే జవాబు మీ పక్కనే ఉంది. గుగులోత్ సౌమ్య మీ నిజామాబాద్ జిల్లా అమ్మాయే. 2001లో పుట్టింది కాబట్టి 2022 అండర్‌-17 ఆమెకు వర్తించదు. అదే ఏడాది క్రొయేషియా వెళ్లి డైనమో జాగ్రెబ్ మహిళల జట్టులో చేరింది. తర్వాత ఈస్ట్ బెంగాల్ 2024-25 ఇండియన్ విమెన్స్ లీగ్ గెలిచినప్పుడు ఆ జట్టులో ఉంది. ఆ సీజన్‌కు దేశంలో ఉత్తమ మహిళా ఫుట్‌బాలర్ అవార్డు కూడా ఆమెదే. 2025 జులైలో థాయిలాండ్‌ను వాళ్ల గడ్డ మీదే 2-1తో ఓడించి భారత్ ఆసియా కప్‌కు వెళ్లింది కదా, ఆ అర్హత పోటీల జట్టులోనూ ఆడింది. వింగ్‌లో ఆమె పరుగు చూడండి, ఎదురుగా ఉన్న డిఫెండర్ వెనక్కి తిరిగేలోపు గీత దాకా వెళ్లిపోతుంది.

ఆంధ్ర వైపు అనంతపురంలో ఆర్‌డీటీ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్లు ఏళ్లుగా పల్లె పిల్లలకు, అమ్మాయిలకు కూడా ఫుట్‌బాల్ నేర్పిస్తూ వచ్చారు. 1956 ఒలింపిక్స్‌లో భారత్‌ను నాలుగో స్థానంలో నిలబెట్టిన కోచ్ రహీం సాబ్ హైదరాబాదీ అని మనం ఇప్పటికీ చెప్పుకుంటాం. చెప్పుకోవడం బాగానే ఉంది గానీ, మీ కాలేజీలో అమ్మాయిలకు ఫుట్‌బాల్ జట్టుందా? లేకపోతే ప్రిన్సిపాల్‌ను అడగండి. పదకొండు మంది దొరక్కపోతే ఐదుగురితో మొదలుపెట్టండి.

డాలస్ నుంచి ఒక తెలుగు నాన్న: మా అమ్మాయికి 14. ఇక్కడ మంచి క్లబ్‌లో ఆడుతోంది. పుట్టింది ఇక్కడే, ఓసీఐ కార్డు ఉంది. ఇండియా అండర్‌-17 జట్టుకు ఆడొచ్చా?

ఆడటానికి వీల్లేదండి. ఓసీఐ అంటే పౌరసత్వం కాదు, అది సరిపోదు, భారత పాస్‌పోర్ట్ ఉండాల్సిందే. మన దేశం రెండు పౌరసత్వాలను ఒప్పుకోదు కాబట్టి అమెరికా పాస్‌పోర్ట్ వదులుకోవాలి. పెద్దవాళ్లలో అలా చేసినవాళ్లున్నారు: జపాన్ వదులుకున్న అరాటా ఇజుమి, 2025లో ఆస్ట్రేలియా వదులుకున్న ర్యాన్ విలియమ్స్. 14 ఏళ్ల పిల్ల విషయంలో మాత్రం ఆ ఆలోచనే పెట్టుకోకండి. అక్కడే ఆడనివ్వండి, అక్కడ దొరికే మ్యాచ్‌లు ఇక్కడ దొరకవు.

విజయవాడ నుంచి ఒక తల్లి: మా పాపకు 13. అకాడమీ వాళ్లు ఫోన్ చేసి "మీ పాప స్వీడన్‌లో జరిగే అంతర్జాతీయ టోర్నీకి సెలెక్ట్ అయింది, ఇండియా నుంచి ఆడుతుంది" అన్నారు. లక్షల్లో ఖర్చు చెబుతున్నారు. మా ఆయన అప్పు చేసైనా పంపుదామంటున్నారు. నాకేమో భయంగా ఉంది, డబ్బుకూ భయమే, పిల్లకూ భయమే. ఏం చేయమంటారు?

అమ్మా, ముందు ఒక మాట స్పష్టంగా తెలుసుకోండి. ఫిఫా టోర్నీలకు వెళ్లేది దేశం జట్టు. సెలెక్ట్ చేసేది జాతీయ సమాఖ్య, పిల్ల ఇంట్లోంచి పైసా తీసుకోరు. మీకు చెప్పింది బహుశా గోథియా కప్ లాంటిది. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో 1975 నుంచి ఏటా జులైలో జరుగుతుంది, వెయ్యికి పైగా పిల్లల జట్లొస్తాయి. ఇలాంటిదే ఓస్లోలో నార్వే కప్, అది 1972 నుంచి ఉంది, మొదటి ఏడాది నుంచే అమ్మాయిలూ ఆడారు. రెండూ మంచి టోర్నీలే, మోసం కాదు. కాకపోతే ఏ క్లబ్ అయినా ఫీజు కట్టి పేరిచ్చుకోవచ్చు. అక్కడ మీ పాప ఆడేది ఇండియాకు కాదు, ఆ అకాడమీకి. "సెలెక్ట్ అయింది" అన్న మాటకు అర్థం మీరు డబ్బు కడితే తీసుకెళ్తారని. ఆ మాట నేరుగా చెప్పి ఉంటే నాకు అభ్యంతరం ఉండేది కాదు.

వెళ్తే లాభం లేదా అంటే ఉంది. 2013లో జార్ఖండ్‌లోని యువా సంస్థ పల్లె పిల్లలు స్పెయిన్ వెళ్లి గాస్టైజ్ కప్‌లో మూడో స్థానం తెచ్చుకున్నారు. బర్త్ సర్టిఫికెట్లు, పాస్‌పోర్ట్‌ల కోసమే వాళ్లు పడ్డ పాట్లు అన్నీ ఇన్నీ కావు. ఆ ప్రయాణం ఆ పిల్లల జీవితాలను మార్చిందనడంలో నాకు సందేహం లేదు. కానీ వాళ్ల అమ్మానాన్నలు అప్పు చేయలేదు, సంస్థ విరాళాలు పోగుచేసింది.

అప్పు చేసి పంపొద్దు. ఇది నా గట్టి మాట, మీ వారికి నా పేరు చెప్పండి. ఆ డబ్బులో పదో వంతు పెడితే పాప ఏడాదంతా మ్యాచ్‌లు ఆడుతుంది. స్కూల్ తరఫున సుబ్రతో కప్ ఉంది, 1960 నుంచి నడుస్తున్న స్కూల్ టోర్నీ, 2012 నుంచి అమ్మాయిల అండర్‌-17 విభాగం పెట్టారు. మండలం, జిల్లా, రాష్ట్రం దాటుకుని జాతీయ స్థాయికి వెళ్లాలి. ఖేలో ఇండియా వాళ్ల అస్మిత లీగ్‌లు అమ్మాయిలకే పెట్టినవి. జిల్లా ఫుట్‌బాల్ సంఘం వాళ్లను కలిసి ఈ ఏడు సబ్ జూనియర్, జూనియర్ సెలక్షన్స్ ఎప్పుడో కనుక్కోండి. జాతీయ జట్టుకు తీసుకెళ్లే దారి అదే.

ఇక పిల్ల గురించి మీ భయం. అది అనవసర భయమని నేను అనను. ఇదే 2022లో, ప్రపంచ కప్‌కు తయారవుతూ మన అండర్‌-17 జట్టు యూరప్ టూర్‌లో ఉన్నప్పుడు, అనుచిత ప్రవర్తన ఆరోపణ మీద సహాయక కోచ్‌ను వెనక్కి రప్పించి తొలగించారు, పోక్సో కేసు నమోదైంది. దేశం జట్టులోనే అలా జరిగినప్పుడు ప్రైవేట్ అకాడమీని గుడ్డిగా నమ్మమని ఎవరు చెబుతారు? పాప స్వీడన్ వెళ్లినా, పక్క జిల్లా వెళ్లినా ఇవి అడగండి: జట్టుతో మొదటి నుంచి చివరిదాకా ఆడమనిషి ఎవరు వెళ్తున్నారు, ఆమె పేరేమిటి, ఫోన్ నంబరేమిటి, పిల్లలు ఏ గదిలో ఎవరితో పడుకుంటారు, కోచ్ పిల్లను ఒంటరిగా గదికి పిలవకూడదన్న రూల్ రాతలో ఉందా, పిల్ల దగ్గర ఫోన్ ఉండనిస్తారా. "క్రమశిక్షణ కోసం ఫోన్లు తీసేసుకుంటాం" అన్నారంటే రోజూ ఫలానా టైముకు మాట్లాడిస్తామని రాసివ్వమనండి. ఈ ప్రశ్నలకు చిరాకు పడే అకాడమీకి పిల్లను పంపకండి. పిల్లల సహాయవాణి 1098 నంబరు పాపకు నోటికి వచ్చేలా చెప్పి ఉంచండి. అన్నిటికంటే ముందు, ఏదైనా చెబితే ఆట మాన్పించేస్తారన్న భయం ఆ పిల్లకు లేకుండా చూడండి. చాలామంది పిల్లలు నోరు విప్పనిది ఆ భయంతోనే.

చిన్న చిన్న ప్రశ్నలు, గబగబా:

తెనాలి: 2022 కప్ ఎవరు గెలిచారు? స్పెయిన్. అక్టోబర్ 30న నవీ ముంబై డీవై పాటిల్ స్టేడియంలో కొలంబియాపై 1-0. అదీ 82వ నిమిషంలో కొలంబియా డిఫెండర్ కాలికి తగిలి సొంత గోల్‌లోకి పోయిన బంతి.

వరంగల్: ఆ టోర్నీలో ఆడి తర్వాత పేరు తెచ్చుకున్నవాళ్లు? స్పెయిన్ వికీ లోపెజ్, అప్పుడే ఉత్తమ క్రీడాకారిణి. బార్సిలోనాకు ఆడుతోంది, 2025లో బాలన్ డోర్ వేడుకలో యువ క్రీడాకారిణులకు తొలిసారి ఇచ్చిన కోపా ట్రోఫీ ఆమెదే. కొలంబియా లిండా కైసెడో, 15 ఏళ్లకే క్యాన్సర్ నుంచి బయటపడి, 2022లో అండర్‌-20, అండర్‌-17 రెండు ప్రపంచ కప్‌లూ ఆడి, 2023లో సీనియర్ ప్రపంచ కప్‌లో జర్మనీ మీద గోల్ కొట్టింది. ఈ ఇద్దరూ మన గోవా, నవీ ముంబై మైదానాల్లో ఆడి వెళ్లారు, టికెట్ కొని చూసినవాళ్లు అదృష్టవంతులు.

ఒంగోలు: నాకౌట్‌లో స్కోరు సమమైతే ఎక్స్‌ట్రా టైమ్ ఉంటుందా? ఉండదు, నేరుగా పెనాల్టీలే. పిల్లలు, రెండు మూడు రోజులకో మ్యాచ్, అరగంట అదనంగా పరిగెత్తించరు. ఆ పద్ధతి వల్లే 2022లో నైజీరియా పెనాల్టీల్లో అమెరికాను ఇంటికి పంపింది, సెమీస్‌లో అదే పెనాల్టీల్లో కొలంబియా చేతిలో ఓడింది.

సిద్దిపేట నుంచి: 2022 తర్వాత మన అండర్‌-17 జట్టు ఏమైంది? అంతటితో అందరూ మర్చిపోయారా?

జనం మర్చిపోయారు, జట్టు మర్చిపోలేదు. 2025 ఆగస్టులో భూటాన్ రాజధాని థింపూలో దక్షిణాసియా అండర్‌-17 టైటిల్ గెలిచారు. ఆ అక్టోబర్‌లో కిర్గిజ్‌స్థాన్‌లోని బిష్కెక్‌లో ఆసియా కప్ అర్హత పోటీలు. ఉజ్బెకిస్థాన్‌తో ఆఖరి మ్యాచ్. మొదటి గోల్ వాళ్లదే. సబ్‌స్టిట్యూట్‌గా దిగిన తాండమణి బాస్కే విరామం తర్వాత సమం చేసింది, ఇంకో పది నిమిషాలకు అనుష్క కుమారి రెండోది కొట్టింది. 2-1. ఈసారి ఆతిథ్య దేశం కోటా లేదు, ఎవరూ జాలిపడి ఇచ్చిన చోటూ కాదు. అర్హత పోటీలు ఆడి గెలిచి భారత్ అండర్‌-17 అమ్మాయిలు ఆసియా కప్‌కు వెళ్లడం అదే మొదటిసారి. మన టీవీ ఛానెళ్లలో ఆ రాత్రి ఆ వార్త వెతుక్కున్నాను, స్క్రోలింగ్‌లో కూడా కనపడలేదు.

నాకు 8-0 కంటే ఆ 2-1 గురించి మాట్లాడటం ఇష్టం. ప్రపంచ కప్ దాకా వెళ్తారా అంటే కష్టమే. 2025 నుంచి ఆ టోర్నీ ఏటా జరుగుతోంది, జట్లు 16 నుంచి 24కు పెరిగాయి, 2029 దాకా ఆతిథ్యం మొరాకోదే. కానీ 2025లో ఆసియాకు దక్కిన నాలుగు చోట్లనూ ఉత్తర కొరియా, దక్షిణ కొరియా, జపాన్, చైనా పట్టుకుపోయాయి. ఆ నలుగురిలో ఒకరిని పడగొడితేనే మనకు చోటు.